సున్నం గీతల ఇల్లు

పునాది తవ్వేముందు నేల మీద సున్నంతో గీతలు గీస్తాం. మా పనిలో దాన్ని ముగ్గు పోయడం అంటారు. మేకులు కొట్టి, పురికొస లాగి, అడుగున చిల్లులున్న డబ్బాలో సున్నం పోసుకుని కొస వెంబడి తట్టుకుంటూ పోవడమే. ఆ గీతలు చూసి ఇల్లు కట్టించుకునేవాళ్లందరూ ఒకే మాట అంటారు. "ఇంతేనా? ఇంత చిన్నదా?" గోడలు లేచాక గానీ ఇల్లు పెద్దదిగా కనబడదు. ముప్పై ఏళ్లుగా తాపీ పని చేస్తున్నాను, ఆ మాట అనని మనిషిని ఒక్కరినే చూశాను. ఆవిడకి అప్పుడు ఏడేళ్లు.

లెక్కల మాస్టారి కూతురు. పేరేదో ఉంది గానీ మా పనివాళ్లు మిరపగింజ అనేవారు. మనిషి గింజంత, నోరు మిరపంత. వాళ్లు అద్దెకున్న రెండు గదుల పక్కనే మాస్టారు చిన్న జాగా కొనుక్కుని ఇల్లు మొదలుపెట్టారు. ప్లాను ఆయనే గీసుకున్నారు. ఆరు నెలల పాటు గీశారని, రెండు రబ్బర్లు అరిగిపోయాయని పిల్ల వాళ్లమ్మగారు చెప్పారు.

నేను ఆఖరి గీత పోసి నడుము ఎత్తేసరికి ఆ పిల్ల ఇటుకల దొంతి పక్కన నిలబడి చూస్తోంది.

"తాతా, లోపలికి రావచ్చా?"

"రా."

"ఎటునుంచి?"

"ఎటునుంచైనా రా. గీతలేగా."

తల అడ్డంగా తిప్పింది. "గోడల్లోంచి ఎలా వస్తారు?"

పునాదికి గుమ్మాలుండవు, అందుకని గీతల్లో సందు వదలం. ఆ పిల్ల రెండు ఇటుకలు మోసుకొచ్చి ముందు గీత మీద మూడడుగుల ఎడంగా పెట్టింది. తర్వాత ఆ రెండింటి మధ్య నిలబడి, తన చెవి ఎత్తులో గాలిలో చెయ్యి పెట్టి గడియ తీసింది. లోపలికి వచ్చింది. వెనక్కి తిరిగి మళ్లీ గడియ పెట్టింది. మధ్యాహ్నానికల్లా ప్రతి గదికీ రెండేసి ఇటుకలు పడ్డాయి.

ఒకసారి మేకు చూడ్డానికి నేను మామూలుగా గీత దాటబోయాను.

"తాతా! గోడలోంచి వచ్చేస్తున్నావేంటి!"

చుట్టూ తిరిగి గుమ్మంలోంచి వెళ్లాను. ఇంకాసేపటికి వంటగదిలోంచి కేక. "వానొస్తోంది, లోపలికి వచ్చెయ్, తడుస్తావ్!" ఎండ మాడ్చేస్తోంది. వెళ్లి ముందు గదిలో నిలబడ్డాను. మండుటెండలో వానకి తడవకుండా దాక్కోవడం నాకు అదే మొదటిసారి. మరీ ఇబ్బందిగా ఏమీ లేదు.

తవ్వేవాళ్లు ఇద్దరు, బావా బామ్మర్దీ. వాళ్లు ఇంకో చోట పని ముగించుకుని శుక్రవారం గానీ రారు. అంచేత ఆ నాలుగు రోజులూ గీతలు అలాగే ఉన్నాయి. నేను పొద్దునే వచ్చి నేల తడిపి, ఇటుకలు దింపించుకుని పోతుండేవాణ్ని.

రెండో రోజు మాస్టారు పిల్లని పట్టుకున్నారు. సెలవుల్లో రోజుకి ఇరవై లెక్కలు చెయ్యాలని ఆయన పెట్టిన నియమం. ఆ వేళ మూడు అయ్యాయి. పదిహేడు మిగిలే ఉన్నాయి. పిల్లేమో ఇటుక ముక్కల పొయ్యి మీద ఏదో ఉడికిస్తోంది.

"ఇది ఇల్లు కట్టే చోటు. ఆడుకునే చోటు కాదు," అన్నారు మాస్టారు. "ఒక్క గీత చెరిగిందంటే పనంతా పాడవుతుంది. ఇంకోసారి ఇక్కడ కనబడ్డావో, సెలవులయ్యేదాకా అత్తయ్య ఇంట్లో ఉంటావు. తెలిసిందా?"

అత్తయ్య కూడా లెక్కల టీచరే. రోజుకి నలభై చేయిస్తుందట. పిల్ల మొహం ఎండిన సున్నంలా తెల్లబడింది. ఇటుక ముక్కలు ఒక్కొక్కటే తీసి దొంతి మీద పెట్టేసి, గుమ్మంలోంచే బయటికి నడిచి, గడియ పెట్టి మరీ వెళ్లింది.

మర్నాడు పొద్దున అరుగు మీద కుర్చీలో కూర్చున్న పెద్దావిడ, మాస్టారి తల్లి, గొంతు పెంచారు.

"ఒరే, డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు."

"నడువమ్మా."

"ఒక్కదాన్ని ఎలా నడుస్తాను? మోకాళ్లు నా మాట వింటున్నాయా? పిల్లని తోడు ఇవ్వు. ఆ కొత్త జాగాలో నాలుగడుగులు వేసి వస్తాం."

మాస్టారు కాసేపు ఆలోచించారు. తల్లి నడవడం ఒకవైపు, గీతలు ఒకవైపు. "సరే. లెక్కలు అయ్యాకే. గీతల మీద చెయ్యి పడకూడదు. పడిందా, మర్నాడే అత్తయ్య ఇల్లు."

"పడదు నాన్నా," అంది మిరపగింజ. మాట ఇచ్చేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఇది ఊరుకునే రకం కాదని అప్పుడే అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఇద్దరూ వచ్చేవారు. పెద్దావిడ చేతికర్రతో గుమ్మం దగ్గర ఆగి, "ఎవరండీ ఇంట్లో?" అనేవారు. లోపలినుంచి, "ఎవరూ?" "నేనే, ఈ ఇంటి ముసల్దాన్ని." అప్పుడు గడియ తీసేది. పెద్దావిడ తల వంచుకుని లోపలికి వచ్చేవారు, గుమ్మం ఎత్తు చాలలేదని గొణుక్కుంటూ. వంటగదిలో కుళాయి కారుతుందట, పిల్ల రెండుసార్లు కట్టేసేది. ముందు గదిలో పిల్లి పడుకుంటుందట, పెద్దావిడ కర్ర పక్కకి జరిపి నడిచేవారు. పిల్లి లేదని నాకు తెలుసు. అయినా పారతో అటు వెళ్లినప్పుడు నేనూ కాస్త పక్కకే జరిగాను.

ముందు గది వెనక, సందు వైపు, పెద్దావిడ గది. సందంటే మాస్టారి జాగాలోనే పక్కన వదిలిన ఖాళీ, ఎనిమిది అడుగుల వెడల్పు. దానికి అవతల పక్కింటివాళ్ల ప్రహరీ గోడ. కిటికీ ఆ గోడ మీదికే తెరుచుకుంటుంది. పిల్ల ఆ గదిలో ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసి, "ఇదే నీ మంచం, పడుకో" అంది. పెద్దావిడ కూర్చున్నారు.

"ఇక్కడ పడుకుంటే నాకేం కనబడుతుందే?"

"గోడ."

"అటు తిరిగితే?"

"అటూ గోడే. కిటికీలోంచి పక్కింటివాళ్ల గోడ."

"అయితే ఇక మీదట నా పని గోడలు చూసుకోవడమన్నమాట."

నవ్వుతూనే అన్నారు. నేను ఇసుక జల్లిస్తూ విన్నాను. ప్లాను నాది కాదు. మాస్టారితో చెప్పినా లాభం లేదు, ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"నాన్నకి చెబుదామా?" అంది పిల్ల.

"చెబితే కాగితం తెచ్చి చూపిస్తాడు. కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. దాని మీద నేను లేనుగా."

నాలుగో రోజు నేను మూలలు మళ్లీ సరిచూస్తుంటే మిరపగింజ వెనకే తిరిగింది.

"మూలని ఎందుకు కొలుస్తావు తాతా?"

"మూల నుంచి ఇటు మూడడుగులు, అటు నాలుగడుగులు. ఆ చివరికీ ఈ చివరికీ అడ్డంగా కొలిస్తే ఐదు రావాలి. రాకపోతే మూల విరిగినట్టు. బీరువా పెడితే సరిగ్గా పట్టదు."

నేను చెప్పింది అంతే. ఆ పూటంతా ఆ పిల్ల ఇసుక కుప్ప మీద పుల్లలు గుచ్చి, దారం లాగి, బొమ్మలకి ఇళ్లు కడుతూ కూర్చుంది. ఆ బొమ్మలు కూడా కనబడేవి కావు. వాళ్లకి బీరువాలున్నాయని మాత్రం చెప్పింది.

శుక్రవారం నేను బట్టీకి వెళ్లాను, ఇటుకలు ఎన్నుకోవడానికి. తిరిగి వచ్చేసరికి పది దాటింది. బావా బామ్మర్దీ అప్పటికే వెనక నుంచి మొదలుపెట్టి, సందు వైపు గుంత మోకాలి లోతు తవ్వేశారు. మట్టి మెత్తగా తెగింది, అంచులు చక్కగా వచ్చాయి. బాగుంది అనుకుంటూ గుంత వెంట నడిచాను. నాకు టేపు అక్కర్లేదు, కాలే లెక్క. మలుపు దగ్గర కాలు ఆగింది.

అక్కడ మలుపు ఉండకూడదు.

పెద్దావిడ గది సందులోకి నాలుగడుగులు పొడుచుకొచ్చింది. పాత గీత ఉండాల్సిన చోట చీపురు గీరలు, మట్టిలో కలిసిన తెల్లటి పొడి. ఇంకాస్త వంగి చూశాను. కొత్త గీత పక్కన చిన్న పాదం ముద్రలు. వాటి పక్కనే అడుగుకొకటి గుండ్రటి గుంటలు. చేతికర్ర మొన.

ఇద్దరూ కలిసే చేశారన్నమాట.

"ఏం మేస్త్రీ, బాగాలేదా?" అన్నాడు బావ.

"బాగానే ఉంది. ఆపండి."

అప్పటికే మాస్టారు టేపు పట్టుకుని వస్తున్నారు. ఆయన వెనక పెద్దావిడ, ఆవిడ కర్ర పక్కన మిరపగింజ, లెక్కల పుస్తకం గుండెకి హత్తుకుని. మాస్టారు గుంతలోకి దిగి కొలిచారు. మళ్లీ కొలిచారు. కాగితం తీసి చూసుకున్నారు.

"నాలుగడుగులు బయటికి వచ్చింది! మేస్త్రిగారూ, ఇదేంటి?"

పిల్ల వైపు చూశాను. అత్తయ్య ఇల్లు ఆ పిల్ల కళ్లలో కనబడుతోంది, నలభై లెక్కలతో సహా.

"నా తప్పే మాస్టారూ. కొలత పొరబడ్డాను."

"మీరా? మీ చేతి కొలత తప్పదని ఊరంతా చెబితేనే కదా మిమ్మల్ని పిలిచింది!"

"మేస్త్రిని ఏమీ అనకు," అన్నారు పెద్దావిడ. "గీసింది నేను."

"నువ్వా? కింద పడ్డ కళ్లజోడు తియ్యడానికి ఇద్దర్ని కేకేస్తావు కదమ్మా!"

"అవసరం పడితే వంగుతాను."

బావకి విషయం ఎంత అర్థమయిందో గానీ, మంచివాడు. తల గోక్కున్నాడు. "అది కాదండీ. తవ్వుతూ తవ్వుతూ మేమే కాస్త పక్కకి జరిగిపోయాం."

"మనమా? ఎప్పుడు జరిగాం బావా?" అన్నాడు బామ్మర్ది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. "గీత మీదే కదా తవ్వాం! ఎంత తిన్నగా ఉందిరా ఈ గీత, మేస్త్రి గీసినవాటికంటే ఇదే తిన్నగా ఉంది అని నువ్వే అన్నావు!"

"నిజంగా అన్నారా?" మిరపగింజ ముందుకొచ్చేసింది. మొహం వెలిగిపోతోంది. "నాదే తిన్నగా ఉందా? అది నేను గీసిందే!"

అనేశాక చేత్తో నోరు మూసుకుంది. అప్పటికే మాట గడప దాటిపోయింది.

మాస్టారు కూతుర్ని చూశారు, గుంత మూలని చూశారు.

"నువ్వు గీశావా? మరి మూలలు ఇంత సరిగ్గా ఎలా కలిశాయి?"

వేళ్ల సందుల్లోంచి జవాబు వచ్చింది. "మూడు, నాలుగు, ఐదు."

"ఏమిటి?"

"ఇటు మూడు, అటు నాలుగు, అడ్డంగా ఐదు. ఐదు రాకపోతే నానమ్మ బీరువా పట్టదు. మొదటిసారి ఐదుకి జానెడు తక్కువ వచ్చింది. చెరిపి మళ్లీ గీశాను. నానమ్మ కొస పట్టుకుంది."

మాస్టారు గుంతలో కూర్చుని మూల దగ్గర టేపు పరిచారు. మూడు. నాలుగు. అడ్డంగా లాగారు. ఐదు. టేపు మీద నమ్మకం లేనట్టు తిప్పి చూశారు. అవే అంకెల్ని ఆయన పదో తరగతి పిల్లలకి బల్ల గుద్ది చెప్పినా ఎక్కడం లేదని నాతో ఒకసారి అని ఉన్నారు. తలెత్తినప్పుడు ఆయన మొహంలో ఏదో ఆశ పుట్టింది.

"ఏడెనిమిదులు ఎంతమ్మా?"

"యాభై నాలుగు."

కళ్లు మూసుకున్నారు. బావ దగ్గుతున్నట్టు అటు తిరిగాడు.

"సరే. ఎందుకు గీశావు? చేతులు పెట్టనని మాట ఇచ్చావు కదా?"

"చెబితే తెలీదు నాన్నా. లోపలికి రా, చూపిస్తాను."

మాస్టారు గుంతలోంచి లేచి, పక్క గీత మీదుగా కాలు వేయబోయారు.

"నాన్నా! గోడ!"

ఆ కేకకి ఆయన కాలు గాల్లోనే ఆగిపోయింది. పెద్ద మనిషి, చేతిలో టేపు, ఒంటికాలి మీద. నా వైపు చూశారు, కాస్త మాట సాయం చేస్తానేమోనని.

"గుమ్మం అటుంది మాస్టారూ," అన్నాను.

చుట్టూ తిరిగి ముందుకు వెళ్లారు. పిల్ల పరుగున వెళ్లి లోపల నిలబడింది. రెండు ఇటుకల ముందు ఆయన, వెనక మిరపగింజ.

"ఎవరూ?"

"నేనే."

"నేనంటే ఎవరండీ?"

"నేను... ఈ ఇల్లు కట్టిస్తున్నవాణ్ని."

"ఆహా. కట్టిస్తున్నారా? పాపం, ఇంకా లోపల చూసుకోలేదన్నమాట," అన్నారు పెద్దావిడ ఇవతల నుంచి.

గడియ తీసింది మిరపగింజ. అప్పుడు మాస్టారు ఒక పని చేశారు. ఎవరూ చెప్పలేదు, ఆయన కూడా చూసుకోలేదు. ఇటుకల పక్కన చెప్పులు విడిచారు. విడిచి, జతగా సర్ది, తల కొంచెం వంచి, వట్టి కాళ్లతో తడి మట్టిలోకి అడుగు పెట్టారు.

బామ్మర్ది నోరు తెరవబోయాడు. వాడి కాలు తొక్కాను.

"తలుపు వేసి రా నాన్నా, పిల్లి పోతుంది."

వెనక్కి తిరిగి తలుపు వేశారు. గడియ కోసం తన భుజం ఎత్తులో వెతికారు. "ఇంకా కిందికి," అంది పిల్ల. కిందికి వంగి పెట్టారు. ముందు గది దాటి, పిల్లి పక్కనుంచి నడిచి, తల్లి గదిలోకి వెళ్లారు. పాత చోటే వేసి ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇది నీ ప్లానులో మంచం. ఇప్పుడేం కనబడుతోంది?"

ఆయన చూశారు. ఎదురుగా పక్కింటివాళ్ల ప్రహరీ.

"గోడ."

"ఇరవై వరసలు," అన్నారు పెద్దావిడ. ఆవిడ కూడా గుమ్మంలోంచే నెమ్మదిగా వచ్చారు. "రెండు రోజుల్లో లెక్కపెట్టేశాను. అందులో తొమ్మిదో వరసలో ఒక ఇటుక విరిగింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు."

పిల్ల కుర్చీని కొత్తగా వచ్చిన నాలుగడుగుల్లోకి ఈడ్చింది. "ఇప్పుడు ఇక్కడ కూర్చో. ఇటు తిరుగు. ఇక్కడ కిటికీ."

ఆ కాస్త జాగా ముందు గది కంటే బయటికి వచ్చింది కదా, అక్కణ్నించి చూపు ముందు గది పక్కగా తిన్నగా వీధిలోకి పోతుంది. మాస్టారు వంగి చూశారు. సైకిల్ కొట్టులో ఒకడు చక్రం తిప్పుతున్నాడు. ఎవరిదో ఆవలింత కూడా కనబడుతోంది. దానికవతల బడి మలుపు.

"ఆ మలుపు దగ్గర నువ్వు కనబడతావురా," అన్నారు పెద్దావిడ. "ఐదూ పదికి. సంచీ ఎడం భుజానికి ఉంటే మామూలు రోజు. కుడి భుజానికి మార్చావంటే ఆ రోజు పిల్లలు నిన్ను వేపుకు తిన్నట్టు. అద్దె ఇంటి అరుగు మీద కూర్చుని రోజూ చూస్తుంటాను. కొత్తింట్లో అరుగు లేదుగా."

మాస్టారు తన ఎడం భుజాన్ని ఒకసారి చూసుకున్నారు. చాలాసేపు అలా వీధి వైపే చూస్తూ కూర్చున్నారు. నాకు తెలిసి ఆ ప్లాను ఆర్నెల్లు గీసినా, ఆ ఇంట్లో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

తర్వాత లేచి, జేబులోంచి కాగితం, చెవి మీది పెన్సిలు తీశారు.

"మేస్త్రిగారూ, ఈ గుంత పూడ్చొద్దు. నాలుగడుగులు జరిగితే సందులో ఇంకా నాలుగు మిగులుతుంది, చాలు కదా?"

"చాలు."

"కిటికీ ఎంత ఎత్తులో పెట్టాలి?"

"పడుకున్న మనిషి కంటికి," అంది మిరపగింజ నాకంటే ముందు. అని, ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "నాన్నా, మరి నేను రేపు అత్తయ్య ఇంటికా?"

మాస్టారు పెన్సిలు ఆపారు. కూతురి వైపు చూడకుండా కాగితం మీదే చూస్తూ అన్నారు. "వంటగది గుమ్మం ఎటు పెట్టాలో ఇంకా తేలలేదు. కుళాయి కూడా కారుతోందంటున్నారు. ఇవన్నీ తేలేదాకా నువ్వు ఎలా వెళ్తావు?"

పిల్ల గెంతలేదు, కేక వెయ్యలేదు. గబగబా వంటగదిలోకి వెళ్లి కుళాయి కట్టేసి వచ్చింది.

"లెక్కలు మాత్రం తప్పవు," అన్నారు మాస్టారు.

"ఇరవయ్యా?"

"పది. ఏడో ఎక్కం కూడా."

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మాస్టారి భార్య, భర్త చెప్పులు నడి స్థలంలో రెండు ఇటుకల పక్కన ఉండటం చూసి నన్ను అడిగారు. "ఏమైంది మేస్త్రిగారూ, ఈయన ఎక్కడ?"

"ఇంట్లో ఉన్నారమ్మా," అన్నాను. ఆయన పెద్దావిడ గది గోడకి ఆనుకున్నట్టు నిలబడి, ఎవరికో కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నారు.

నాలుగు నెలలకి ఇల్లు లేచింది. పెద్దావిడ కిటికీ చెప్పిన ఎత్తులోనే పెట్టాను. కప్పు పడి, లోపల పూత ఆరిన రోజు మిరపగింజ అన్ని గదుల్లోకీ తిరిగి వచ్చింది. అలవాటు కొద్దీ వంటగదిలో కుళాయి కట్టబోయింది. అది కారడం లేదు. ముందు గదిలో నా దగ్గర ఆగింది.

"తాతా, ఇల్లు చిన్నదైపోయింది."

ముప్పై ఏళ్లలో గోడలు లేచాక ఆ మాట అన్నది కూడా ఈ పిల్ల ఒక్కతే. చెప్పడం నాకు వచ్చిన పని కాదు.

వెనక పెరట్లో మిగిలిన ఇసుకని పారతో కొంచెం చదును చేశాను, మూల నుంచి మూలకి. సామాను బండిలో వేసుకుని బయల్దేరాం.

వీధి మలుపు దాటాక బావ అడిగాడు. "మేస్త్రీ, సున్నం డబ్బా కనబళ్లేదు. పెరట్లో మరిచిపోయినట్టున్నావ్, వెనక్కి వెళ్దామా?"

"మరిచిపోలేదు," అన్నాను. "బండి తోలు."